గ్రహణం లేని రోజు నిలబడిన రోకలి

మా అక్కతో నేను వాదించని రోజు ఉండేది కాదు. అలిపిరికి పోయే దారిలో ఒక సందులో, ఒకే గోడకు అటూ ఇటూ రెండు పోర్షన్లు మావి. భర్త పోయాక ఆమె ఒకదాంట్లో, పెళ్ళి చేసుకోని నేను ఇంకోదాంట్లో ఉండేవాళ్ళం. నేను వడమాలపేట వైపు ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి అక్క రెండు గ్లాసుల కాఫీతో అరుగు మీద ఉండేది. బల్లి పడిందనో, పిల్లి ఎదురొచ్చిందనో ఏదో ఒకటి మొదలుపెట్టేది. నేను ఊరుకుంటానా? గొంతు చించుకునేదాన్ని. నాకు యాభై దాటినా ఆమెకు పాపనే. "పాపా, నీ సైన్సుకు తెలీనిది శానా ఉండాది" అని నవ్వేది. కాఫీ చల్లారిపోయేది. ఆ పోట్లాటే మా కబుర్లు.

అక్కకు వీధిలో ఒక పేరుండేది. సూర్యగ్రహణం పట్టగానే వాకిట్లో ఇత్తడి తాంబాళం పెట్టి, పసుపునీళ్ళు పోసి, అందులో రోకలి నిలబెట్టేది. ఎవరూ పట్టుకోకుండానే అది నిటారుగా నిలిచేది. గ్రహణం ఉన్నంతసేపే అలా నిలుస్తుందని, విడవగానే దానంతటదే పడిపోతుందని అందరి నమ్మకం. "ఆయమ్మ చెయ్యి పడితేనే నిలబడతాది" అనేవాళ్ళు. కొత్త కోడళ్ళు సెల్‌ఫోన్లలో వీడియో తీసుకునేవాళ్ళు. అక్క ఆ రోజు మంచి చీర కట్టుకునేది. మిగతా రోజుల్లో ఆమెను పలకరించిందెవరు?

అది నాకు కనబడలేదు. నాకు కనబడిందల్లా రోకలి అడుగున బిగించిన ఇనుప పొన్ను, దాని చదును.

ఒక గ్రహణం అయిన మరుసటి ఆదివారం, పట్టపగలు, అదే తాంబాళం వాకిట్లో పెట్టాను. వీధిలోవాళ్ళను పిలిచి, క్లాసులో పిల్లల్లాగా వరసగా నిలబెట్టాను. రోకలి రెండుసార్లు పడింది. మూడోసారి నిలిచింది.

"సూడండి, ఈ పొద్దు గ్రహణం యాడుండాది? అడుగు చదునుగా ఉండి, బరువు సరిగ్గా నడిమధ్యన పడితే ఏ రోజైనా నిలబడతాది" అన్నాను.

ఎదురింటాయన పకపకా నవ్వినాడు. "అయితే ఇన్నేండ్లూ పెద్దక్క మమ్మల్ని ఎర్రోళ్ళను జేసిందన్నమాట!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

అక్క గడప దగ్గర నిలబడి చూస్తోంది. నేను వదిలిపెట్టే రకం కాదు కదా, "నువ్వే సెప్పక్కా, నిలబడిందా లేదా?" అని అందరి ముందూ అడిగాను. "నిలబడింది పాపా" అంది. అందరూ వెళ్ళాక రోకలిని కొంగుతో తుడిచి, తాంబాళంతో సహా తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. "నీ దగ్గరే ఉండనీ" అంది.

మరుసటి రోజు అరుగు మీద కాఫీ ఉంది, అక్క ఉంది, వాదనే లేదు. నేనే కదిలించేదాన్ని. "మెట్లెక్కి కొండకు పోతే మోకాళ్ళ నొప్పులు తగ్గుతాయా అక్కా?" అని ఉడికించేదాన్ని. "తగ్గవులే. నువ్వు సదువుకున్నదానివి" అనేది. వేడి వేడి కాఫీ గబగబా తాగేసి ఎవరింట్లోకి వాళ్ళం పోయేవాళ్ళం. గెలిచింది నేనే. పేపరు చదివి ఒక మాట అనాలన్నా నాకు మనిషి లేకుండా పోయింది. సాయంత్రాలు గోడకు ఆనుకుని కూర్చుని, అవతల ఆమె గిన్నెలు సర్దుకునే చప్పుడు వినేదాన్ని.

రెండేళ్ళకు మళ్ళీ సూర్యగ్రహణం వచ్చింది. అక్క తలుపేసుకుంది. వాకిట్లోకి ఒక్కరూ రాలేదు. నాకు ఉండబట్టలేదు. తాంబాళం తెచ్చి, పసుపు కలిపి, రోకలి నిలబెట్టాను. నిలిచాక పోయి అక్క తలుపు తట్టాను.

"అక్కా, నిలబడిందక్కా! గ్రహణం మహిమే. ఆ పొద్దు నేను సెప్పింది తప్పు. వచ్చి సూడు."

ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠాలు మింగేసి ఆడిన అబద్ధం అది. ఆమె తలుపు తీసి, నా సైన్సును ఒక్కమాట ఎగతాళి చేస్తే చాలనుకున్నాను.

అక్క తలుపు తీయలేదు. లోపలి నుంచే అంది.

"అది ఏ రోజైనా నిలబడతాది గదా పాపా. నువ్వే గదా సెప్పినావు."

గ్రహణం విడిచింది. రోకలి పడలేదు. నేనే తీసి లోపల పెట్టుకున్నాను.