ఒక్క ఆట గెలిస్తే పంపిస్తామన్నారు

అక్టోబరు పదకొండు, శుక్రవారం, దోహా. ఉన్నవారు: నేను, మంచు బండి నడిపే జగిత్యాల తమ్ముడు, మేనేజరు, కోచ్, గోలీ, మిగతా ఆటగాళ్ళు, అవతలి జట్టు. చూడవచ్చినవాళ్ళు సగం కుర్చీలకు.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారో, ఆ తర్వాతే జరిగిన సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో షిఫ్టు రిపోర్టు అలా రాయమని నేర్పారు. ఆ అలవాటు ఇంట్లో రాసుకునే డైరీకీ పాకింది. నేను తుని వచ్చేసింది మార్చిలో. ఈ పేజీ దాటి రావడానికి నాకు అన్ని నెలలు పట్టింది కాబట్టి దీని గురించే రాస్తున్నాను.

ఖతార్‌లో ఐస్ హాకీ ఏమిటని ఇక్కడ అందరూ అడుగుతారు. ఎడారిలోనే, పెద్ద గోదాములాంటి కట్టడంలో, నేల కింద గొట్టాలు పరిచి, వాటిలో గడ్డకట్టని చల్లటి ద్రవం తిప్పి, పైన నీళ్ళు పోసి పలక కట్టిస్తారు. దాని మీద ఇనుప అంచుల బూట్లు వేసుకున్న మనుషులు కర్రలతో నల్ల రబ్బరు బిళ్ళను కొట్టుకుంటారు. కొత్తగా పెట్టిన లీగు అది. జీతాలిచ్చి చలి దేశాల నుంచి ఆటగాళ్ళను తెచ్చారు. మెసయీద్‌లో ఎరువుల కర్మాగారంలో శీతల యంత్రాల దగ్గర నా సర్వీసంతా గడిచింది. అక్కడ వయసు మీరిందని పంపించేశాక, ఈ మంచు మైదానం కంపెనీవాళ్ళు ఒక్క ఏడాదికని పిలిచారు. ఒప్పందం సెప్టెంబరుతో అయిపోయింది. నన్ను విడిచిపెడుతున్నట్టు మేనేజరు ఒక్క సంతకం పెట్టాలి. అది లేకుండా విమానమెక్కితే పారిపోయినవాడి కింద రాసేస్తారు.

ఆటగాళ్ళు ఆగస్టులో దిగారు. బస్సు దిగి తలుపు దాకా నడిచేసరికే వాళ్ళ ముఖాలు ఎర్రగా కందిపోయాయి. లోపలికొచ్చి మంచును చూడగానే పండగొచ్చినట్టు అరిచారు. మొదటి వారమంతా ఒకరి వీపు ఒకరు తట్టుకోవడం, పాటలు, పందేలు. డిసెంబరుకల్లా పట్టికలో పైన మనమే ఉంటామని కోచ్ చెప్పాడట. అది పెద్ద గుడ్డ మీద రాయించి గోడకు కట్టారు కూడా. తర్వాత హోటలు నుంచి బస్సు, బస్సు నుంచి మంచు, మంచు నుంచి మళ్ళీ బస్సు. గోలీ, అంటే తమ వలలో బిళ్ళ పడకుండా కాపు కాసేవాడు, ఫిన్లాండు మనిషి. ఒకరోజు నన్ను అడిగాడు, "ఇక్కడ మనుషులు ఎక్కడ నడుస్తారు?" అని. నవంబరు వచ్చాక సముద్రం ఒడ్డున నడవొచ్చని చెప్పాను. నవంబరు ఎంత దూరమో వేళ్ళ మీద లెక్క చూసుకుని తల ఊపాడు.

మొదటి ఆట ఓడారు. రెండోదీ ఓడారు. మూడో ఆటలో ఒక కుర్రాడి భుజం ఎముక విరిగింది, ఆటా పోయింది. ఓడిన ప్రతిసారీ మాట మంచు మీదికి వచ్చింది. మంచు మెత్తగా ఉందట, బిళ్ళ జారకుండా గంతులేస్తోందట. అందులో అబద్ధం లేదు. అక్టోబరులో దోహా గాలి తడి గుడ్డలా ఉంటుంది. జనం తలుపులు బార్లా తీస్తే ఆ తడంతా లోపలికొచ్చి మంచు మీద పొగలా కమ్ముకుంటుంది. కానీ అవతలి జట్టూ ఆ మంచు మీదే ఆడింది కదా. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు.

ఇక్కడ నా గొడవ ఒకటుంది. మా ఆవిడ తునిలో బస్టాండు దగ్గర టిఫిన్ కొట్టు పెడుతోంది. నేను ఊరికి దూరంగా ఉన్న ఏళ్ళన్నీ ఎవరి పెళ్ళికైనా, ఎవరి గృహప్రవేశానికైనా ఒంటరిగానే వెళ్ళొచ్చింది. ఈ ఒక్కదానికి మాత్రం పక్కన నేను ఉండాలంది. ఉంటానన్నాను. నవరాత్రుల మొదటి రోజు తెరవాలనుకుంది. మేనేజరు సంతకం రాలేదు. పంతులుగారు పౌర్ణమినాటి గురువారానికి మార్చారు. "ఇంకోసారి మార్చమంటే ఆయన మారుస్తారేమో గానీ నేను మార్చను" అంది మా ఆవిడ.

మూడో ఓటమి మర్నాడు మేనేజరు గదికి వెళ్ళాను. ఆయన జోర్డాను మనిషి, చెడ్డవాడు కాదు. నా బదులు రావాల్సిన మనిషికి వీసా కాలేదని, పైవాళ్ళు మంచు గురించే అడుగుతున్నారని, ఈ పరిస్థితిలో ప్లాంటు తెలిసినవాణ్ణి పంపిస్తే తన తల పోతుందని చెప్పాడు. గురువారం సంగతి చెప్పాను. కాసేపు గడ్డం గోక్కున్నాడు. నన్ను ఆయన సదీక్ అంటాడు, అరబ్బీలో స్నేహితుడని.

"ఒక్క ఆట గెలవనీ సదీక్. గెలిస్తే మంచు మాట ఎవరూ ఎత్తరు. సంతకం పెట్టేస్తాను. ఖలాస్."

అలా నేను ఆ జట్టు గెలవాలని కోరుకునేవాళ్ళలో మొదటివాణ్ణయ్యాను. ఆట నియమాలు నాకు సగమే తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం మేముండే కార్మికుల బస బర్వా అల్ బరాహా నుంచి కంపెనీ బస్సులో వచ్చేసరికి జగిత్యాల తమ్ముడు అప్పటికే బండి దగ్గర ఉన్నాడు. అతనిది నలభై దాటిన వయసు. మంచు పైపొర గీకి వేడి నీళ్ళు పోసి మళ్ళీ నున్నగా చేసే బండి అది. అతను దాన్ని సొంత ట్రాక్టరులా తుడుస్తాడు.

"కాకా, ఇయ్యాల గెలుస్తరా మనోళ్ళు?"

"మనవాళ్ళెవరయ్యా అందులో?"

"జీతమిచ్చేటోళ్ళు మనోళ్ళే గద. మొన్న మా అవ్వకు ఫోన్ల జెప్పిన, మంచు మీద బండి నడుపుతున్న అని. దుబాయ్‌ల మంచేందిరా, ఎండకు తలకాయ దిరిగిందా అన్నది. మా అవ్వకు గల్ఫ్ అంత దుబాయే. ఫోటో పంపిన. ఉప్పు కుప్ప గావచ్చు అనుకున్నరట ఊళ్ళె."

ఆ రోజు ఒక్క తలుపు తప్ప మిగతావన్నీ మూయించాను. ఆటగాళ్ళు మంచు మీదికి దిగే గేటు దగ్గర గాలి తడి ఎలా ఉందో చూడాలని, ప్లాంటు గదిలో కూర్చోకుండా అక్కడే నిలబడ్డాను. చెవులకు చలి తగిలితే నా ఒంటికి పడదు. తునిలో కొన్న గోధుమరంగు మంకీ టోపీ మెడదాకా లాక్కున్నాను. ఆటగాళ్ళు ఒక్కొక్కరే దిగుతున్నారు. గోలీ నా ముందు ఆగి, కళ్ళు తప్ప ఏమీ కనపడని నా ముఖాన్ని చూసి, తన ముసుగు వేలితో చూపించుకున్నాడు. మనిద్దరిదీ ఒకే వేషం అన్నట్టు. కర్రతో నా టోపీ మీద మెల్లగా తట్టి దిగిపోయాడు. వెనకున్నవాళ్ళు నవ్వారు. మూడు ఆటల తర్వాత వాళ్ళు నవ్వడం అదే మొదటిసారి.

గెలిచారు. రెండు ఒకటి. మొదటి గోలు మనవాళ్ళది. తర్వాత అవతలివాళ్ళు సమం చేశారు. చివరి భాగంలో మన కెప్టెన్ వేసిన బిళ్ళ ఎవరి బూటుకో తగిలి లోపలికి పోయింది. ఆఖరి నిమిషాల్లో అవతలివాళ్ళు మీద మీద పడుతుంటే గోలీ ఒళ్ళంతా అడ్డం పెట్టాడు. నేను గేటు కమ్మీ పట్టుకుని ఉన్నాను. గంట మోగాక చేయి విడదీస్తే వేళ్ళు తెరుచుకోలేదు. జగిత్యాల తమ్ముడు బండి మీద నుంచే రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు, గురువారం నీదే అన్నట్టు.

నేను తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చుట్టూ ఆటగాళ్ళు. గోలీ చెమట కంపుతోనే నన్ను కావలించుకున్నాడు.

"గ్రాండ్‌పా, మంగళవారం ఆటకు కూడా అక్కడే నిలబడు. అదే టోపీ. దాన్ని ఉతకొద్దు. నా లోపలి చొక్కా కూడా నేను ఉతకను."

"ఎందుకు?"

"గెలిచినప్పుడు ఏదీ మార్చకూడదు. ఏదీ." వాళ్ళ దేశంలో అది అందరూ పాటించేదేనట. కెప్టెన్ ఎడమ బూటే ముందు తొడుక్కుంటాడు. ఇంకొకడు ఆటరోజు గడ్డం గీయడు. కోచ్ కూడా వచ్చి నా చేయి ఊపి, మంచు ఇవాళే మంచులా ఉందని, ఇదే మనిషి ఇదే పద్ధతిలో నడపాలని మేనేజరుకు చెప్పి వెళ్ళాడు. నన్ను పొగుడుతున్నారని అర్థమైంది.

"విన్నావుగా సదీక్" అన్నాడు మేనేజరు.

"ఒక్క ఆట గెలిస్తే అన్నారు."

"అన్నాను. కానీ ఇప్పుడే గెలిచారు. ఇప్పుడెలా పంపను?"

"మరి ఎప్పుడు?"

"గెలుస్తున్నంతకాలం ఉండు. ఓడాక చూద్దాం."

"ఓడితే మంచు బాగాలేదంటారు గదండీ."

ఆయన నిజంగానే ఆలోచించాడు. "అవును. అదీ నిజమే" అని, నా భుజం తట్టి, ఫోన్ మోగితే అటు తిరిగాడు.

బండి గదిలో జగిత్యాల తమ్ముడు గీకిన మంచుపొడిని గుంటలోకి దింపుతున్నాడు. జరిగింది చెప్పాను. పార ఆపాడు.

"అంటే గెల్సినా ఇడువరు, ఓడినా ఇడువరు. డ్రా అయితెనో?"

"ఈ ఆటలో డ్రా లేదయ్యా. సమానమైతే ఇంకా ఆడిస్తారు, ఎవరో ఒకరు గెలిచేదాకా."

"గీ ఆట కనిపెట్టినోని కాళ్ళు మొక్కాలె." పార కింద పెట్టాడు. "కాకా, ఓ మాట జెప్తె కోపం జెయ్యకు. రెండు డిగ్రీలు ఎక్కియ్. మంగళారం మంచు బురదైతది. ఓడుతరు. ఓడినంక జూద్దమన్నడు గదా, జూడనీ."

"నువ్వెక్కిస్తావా?"

"నాకు ఏ మీట ఏందో తెల్వదు. తెలిస్తె నన్ను నీ జాగల నిలబెట్టి నిన్ను పంపకపోవునా. అడిగిన గూడ. నువ్వు బండి నడుపు చాలు, ప్లాంటు మాఫీ, అంటే లేదు పో, అన్నడు."

ఎప్పుడు అడిగాడో నాకు తెలియదు. అతను నా కోసం మేనేజరు గదికి వెళ్ళాడని అప్పుడే తెలిసింది. మీట మాట మాత్రం నా చెవిలో అలాగే ఉండిపోయింది. ప్లాంటు గదిలోకి వెళ్ళి కంప్రెసర్ల ముందు నిలబడ్డాను. గేజీలన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. గోడకవతల ఆటగాళ్ళు పాడుతున్నారు. ఆగస్టు తర్వాత వాళ్ళు పాడడం అదే మొదలు. నేను మీట ముట్టుకోలేదు. మంచితనం అని రాసుకోలేను. ఓడినా సంతకం రాదని ఇందాకే మేనేజరు నోటనే విన్నాను.

తునిలో అప్పటికి పది దాటింది. అయినా మా ఆవిడ మేలుకునే ఉంది.

"గెలిచారా?"

"గెలిచారు."

"హమ్మయ్య. టిక్కెట్టు ఎప్పటికి తీసుకుంటున్నారు?"

"ఓడేదాకా ఉండమంటున్నారు."

"ఎవరు ఓడేదాకా?"

"వీళ్ళే."

"ఏవండీ, మీకు ఒంట్లో బాగానే ఉందా?"

టోపీ సంగతి, గోలీ సంగతి, కోచ్ మాట, మేనేజరు మాట, మొత్తం చెప్పాను. ఆవిడ మధ్యలో నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "గురువారానికి వస్తారా, రారా? ఒక్క మాట చెప్పండి" అంది.

"రావడానికి చూస్తాను."

"నేనడిగింది అది కాదు."

నేను మాట్లాడలేదు. "సరే, భోంచేసి పడుకోండి" అని పెట్టేసింది. డైరీలో ఆ రోజు రాసినదాంట్లో ఇదే ఆఖరు వాక్యం. కింద సగం పేజీ ఖాళీగా ఉంది.

మర్నాడు శనివారం, విజయదశమి. ఉదయం ఆటగాళ్ళ సాధన ఉంది కాబట్టి ఆరింటికే ప్లాంటు గదిలో ఉన్నాను. ఫోన్ మోగింది. వీడియో. ముందు పొగ కనిపించింది, తర్వాత పెనం, ఆ వెనక పసుపు రాసిన గడప, మామిడి తోరణం. మా ఆవిడ కొత్త చీర కట్టుకుని చేతిలో అట్లకాడతో ఉంది.

"తెరిచేశానండి. దశమికి ముహూర్తం చూడక్కర్లేదు కదా. రాత్రి మీరు మాట్లాడకపోయేసరికి పెసలు నానబోశాను. ఇడ్లీకి పిండి పులవడానికి వేళ లేదు, అందుకని పెసరట్టూ ఉప్మాతోనే మొదలు. కాకినాడ బస్సువాళ్ళు అప్పుడే రెండుసార్లు వచ్చారు."

"కొబ్బరికాయ ఎవరు కొట్టారు?"

"నేనే కొట్టాను. ఎవరు కొడతారు?"

కోపంగా అనలేదు. ఎవరో అల్లం పచ్చడి అడిగారు. "ఉండండి, మళ్ళీ చేస్తాను" అని ఫోన్ బల్ల మీద పెట్టేసింది, ఆపడం మరిచిపోయి. కాసేపు నాకు రేకుల కప్పు, తిరుగుతున్న ఫ్యాను కనిపించాయి. పళ్ళేల చప్పుడు, ఆవిడ ఎవరినో "రండి బాబూ, కూర్చోండి" అనడం వినిపించింది. తర్వాత లైను పోయింది.

మేనేజరు టీ కప్పుతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఏమిటా సందడి అని అడిగాడు. మా ఆవిడ కొట్టు తెరిచిందని చెప్పాను.

"ఇవాళే? మబ్రూక్, మబ్రూక్." శుభాకాంక్షలు చెబుతుంటే ఆయన ముఖం నిజంగా వెలిగింది. బయటికి కేకేసి నాకూ ఒక టీ తెమ్మన్నాడు. "గురువారం అన్నావు కదూ. చూశావా, దేవుడు దారి చూపించాడు. ఇక నీకు తొందరేమీ లేదు."

టీ వచ్చింది. సంతకం మాట ఎత్తకుండా, ఆయన ఎదుటే నిలబడి తాగాను.