శ్రీశైలం గారు ముట్టుకున్నది ఒక్క గడే

2023లో గచ్చిబౌలిలోని ఒక ఆఫీసులో మిడిల్‌వేర్ అడ్మిన్‌గా, అంటే వేర్వేరు సాఫ్ట్‌వేర్లను ఒకదానితో ఒకటి కలిపే వ్యవస్థను చూసుకుంటూ, పనిచేసేదాన్ని. నగరంలో చాలా శాఖలున్న ఒక ఆసుపత్రి మా క్లయింట్. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో సర్వీస్ రిజిస్ట్రీ అని ఒకటుంటుంది. ఏ సర్వీసు ఏ సర్వర్‌లో దొరుకుతుందో చెప్పే చిరునామాల పుస్తకం అనుకోండి. ఆ రిజిస్ట్రీకి ఎలా కనెక్ట్ కావాలో అడ్మిన్ కన్సోల్‌లో ఒక పేజీలో ఉంటుంది. అడ్రస్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, టైమౌట్, అన్నీ కలిపి నాలుగు గళ్లు. చూడ్డానికి అమాయకమైన పేజీ, కానీ దాని జోలికి వెళ్లాలంటే మాకు వణుకే.

అందుకే మాకో పద్ధతి ఉంది. ఒకరు మార్చాలి, ముందూ తర్వాతా స్క్రీన్‌షాట్లు తీసి, ఆ పని నమోదైన టికెట్‌కు జతచేయాలి. ఇంకొకరు వాటిని చూసి ‘వెరిఫైడ్’ అని రాయాలి.

ఒకరోజు ఉదయం పదకొండింటికి టైమౌట్‌ను, అంటే జవాబు కోసం ఆగే గడువును, ముప్పై సెకన్ల నుంచి అరవైకి మార్చింది శ్రీశైలం గారు. పుప్పాలగూడ ఆయన సొంతూరు. నలభై దాటాక ఈ పని నేర్చుకుని కాంట్రాక్టు మీద చేరారు. ఆ వారమే కాంట్రాక్టు పొడిగించాలి. ‘టెస్ట్ కనెక్షన్’ నొక్కితే పచ్చ టిక్కు వచ్చింది, ‘సేవ్’ నొక్కారు. టీమ్‌లో ఎవరిదో పుట్టినరోజు, కేకు కోస్తున్నారు, నేను వెరిఫైడ్ అని రాసేసి లేచాను.

ఒంటిగంటకు, రిజిస్ట్రీ అందక, ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ అనుమతులు ఆగిపోయాయి. ఆసుపత్రి కౌంటర్‌లో ఉండే ఆవిడ ఫోన్‌లో బతిమాలింది. “డిశ్చార్జ్ అయిన పేషెంట్లు లాబీలనే కూసున్నరు. కుట్లు ఎండని ముసలామె ఉన్నది. జర జల్దీ సూడుండ్రి.”

పాత బ్యాకప్‌తో సెట్టింగులు వెనక్కి తెచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అది అవగానే మా మేనేజర్ మూర్తి గారు శ్రీశైలం గారిని పిలిచారు.

“సార్, టైమౌట్ తప్ప ఏం ముట్టలే. పాస్‌వర్డ్ దిక్కు గూడ సూడలే.”

“మార్చింది పాస్‌వర్డేనండి. లాగ్‌లో మీ పేరే ఉంది. కన్సోల్ అబద్ధం చెబుతుందా?”

సాయంత్రానికల్లా ఆయన యాక్సెస్ తీసేశారు. కాంట్రాక్టు గురించి మరి మాట్లాడక్కర్లేదని అందరికీ అర్థమైంది. నిప్పు లేనిదే పొగ రాదు కదా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి.

ఆయన బ్యాగు సర్దుకుంటున్న తీరు చూసి ఉండబట్టలేకపోయాను. పక్కన కూర్చుని టెస్ట్ కన్సోల్ తెరిచాను. అది నకలు, పాడైనా నష్టం లేదు.

“పొద్దున ఎట్లా చేశారో అట్లాగే చేయండి.”

“ఏం ఫాయిదా మేడం? ఇగ నన్ను ఎవలు నమ్ముతరు?” అంటూనే ఎడిట్ నొక్కారు.

పాస్‌వర్డ్ గడిలో ఎనిమిది చుక్కలున్నవి పదకొండయ్యాయి. ఆయన వేళ్లు కీబోర్డ్ మీద కూడా లేవు. కన్సోల్‌లోకి రావడానికి ఆయన వాడే పాస్‌వర్డ్‌ను బ్రౌజర్ గుర్తుపెట్టుకుని, ఎడిట్ నొక్కగానే తనే అక్కడ నింపేసింది. మరి పచ్చ టిక్కు ఎలా వచ్చింది? ‘టెస్ట్ కనెక్షన్’ అనేది స్క్రీన్ మీదున్న వాటిని కాదు, అంతకుముందు సేవ్ అయినవాటిని పరీక్షిస్తుంది. సేవ్ చేశాక నొక్కాలి. మాలో ఎవరం ఎప్పుడూ అలా నొక్కలేదు. పాత చిరునామాలు సర్వర్ల మెమరీలో రెండు గంటలు నిలిచాయి కాబట్టి తప్పు ఆలస్యంగా బయటపడింది.

అప్పుడు ఉదయపు టికెట్ తెరిచాను. మొదటి స్క్రీన్‌షాట్‌లో ఎనిమిది, రెండోదానిలో పదకొండు. ఆ ఫొటోలు తెరిచి చూడాల్సినదాన్ని నేనే. గంగిరెద్దులా తలూపి కేకు తినడానికి వెళ్లాను.

మూర్తి గారి గదిలోకి వెళ్లి రెండు స్క్రీన్‌షాట్లూ పక్కపక్కన పెట్టి చూపించాను. “శ్రీశైలం గారు నిజమే చెప్పారండి. చూడకుండా వెరిఫైడ్ అని రాసింది నేను.” ఆయన రెండింటిలోనూ చుక్కలు లెక్కపెట్టారు. మందలింపు మెయిల్ నాకొచ్చింది. మర్నాడు శ్రీశైలం గారి యాక్సెస్ తిరిగొచ్చింది, వారం చివర్లో కాంట్రాక్టు కూడా.

క్యాంటీన్‌లో టీ తాగుతూ ఆయన అడిగారు. “బ్రౌజర్ మీదికే తోస్తే అయిపోతుండె గద మేడం. మీ పేరు చెప్పకున్నా నడిచేది.”

“నడిచేదండి. అందుకే భయమేసింది.”

ఇప్పుడు ఎవరైనా “నేను ముట్టలేదు” అంటే లాగ్ తెరవను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను.