తిట్టుకోవడానికి ఒక మనిషి

దోర్నాల చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగి చాలాసేపైంది. ఎండకు ప్రాణం సోలిపోతోంది. మా ఆయన ఫోన్ చేస్తున్నాడు, నేను కట్ చేస్తున్నాను. పక్క సీటులో కుంకుడుకాయల మూట ఒళ్లో పెట్టుకున్న ముసలామె అదంతా చూస్తోంది.

"ఏంది పాపా, మొగునితో కొట్లాడినావా? సంబంధం ఎవురు తెచ్చినారు?"

"ఎవరూ తేలేదవ్వా. ఫోన్లో ఒక యాప్‌లో పరిచయమై, మేమే చేసుకున్నాం."

"మంచోడేనా?"

"మంచోడే. అయినా గొడవలు తప్పవు."

ఆమె ఒళ్లో మూట సర్దుకుంది.

"మా సంబంధం మా మేనమామ తెచ్చినాడు. ఆయన పోయి శానా ఏండ్లయింది. కోపమొస్తే ఇప్పటికీ మేమిద్దరం కలిసి ఆయన్నే తిడతాం. మీకు తిట్టుకునేదానికి ఎవురూ లేకపోతే ఎట్ల?"

బస్సు కదిలింది. తన ఊరు రాగానే ఆమె లేచి, గుప్పెడు కుంకుడుకాయలు నా ఒళ్లో పోసింది.

"ఇంగ నన్ను తిట్టుకోండి," అని దిగిపోయింది.

ఆమె పేరు నాకు తెలియదు. ఇంటికెళ్లి మా ఆయనకు ఆమె సంగతి చెప్పాను. అప్పట్నుంచీ మా మధ్య మాట పెరిగి, ఇక వాదించే ఓపిక లేనప్పుడు, "అసలీ సంబంధం తెచ్చిందెవరు?" అంటాడు మా ఆయన.

"కుంకుడుకాయల అవ్వ," అంటాను.

ఇద్దరం ఆమెనే తిడతాం. పాపం, ఆమెకు ఎన్నిసార్లు పొలమారి ఉంటుందో.