గఫూర్ సాబ్ పెట్టిన పేరు

మా అల్వాల్ ఇంటి గేటు గడియ విరిగిపోయింది. కొత్తది బిగించేదాకా ఉంటుందని మా అబ్బాయి ఒక ఇనుప గొలుసు తెచ్చి చుట్టాడు. ఇప్పుడు పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా ఎవరొచ్చినా ఆ గొలుసు పట్టుకుని ఆడిస్తున్నారు. ఇనుముకు ఇనుము తగిలే ఆ చప్పుడు చెవిన పడగానే నా చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోతుంది. గడియ ఎప్పుడు బిగిస్తావురా అని రోజూ వాణ్ని సతాయిస్తున్నాను. "ఆ చప్పుడు మిమ్మల్నేం చేసింది నాన్నా?" అంటాడు వాడు. ఏం చేసిందో వాడికి చెప్పలేదు. ఇన్నేళ్లు కాపురం చేసిన మా ఆవిడకూ చెప్పలేదు. ఎదురుగా కూర్చుని చెప్పడానికి ముఖం చెల్లక ఇలా కాగితం మీద పెడుతున్నాను.

సికింద్రాబాదు స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో, రెజిమెంటల్ బజార్ వెనక ఒక సందు ఉండేది. నిజాం రాజ్యం ఇంకా ఉన్న రోజులు. ఆ సందులో ప్రతి ఇంటికీ ఒక పై గది, ప్రతి పై గదిలో ఒక కుర్ర ఉద్యోగస్థుడు. రైల్వేవాళ్లు, టైపిస్టులు, మిషన్ స్కూలు టీచర్లు. పొద్దున్నే సందుకు సందే తలకు కొబ్బరినూనె రాసుకుని, టిఫిను గిన్నె చేత పట్టుకుని రైలు కోసం పరుగెత్తేది, సాయంత్రం ఉసూరుమంటూ తిరిగొచ్చేది. నేను గుంటూరు వైపు నుంచి, మిషన్ స్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషు తప్ప మరో ఆస్తి లేకుండా, హైదరాబాదులో ఒక సర్కారు దఫ్తరులో నకళ్లు రాసే పనికి వచ్చాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఉద్యోగమైతే దొరికింది గాని గది దొరకలేదు. ఒకచోట పెళ్లి కాలేదన్నారు. ఒకచోట మాంసం తింటావన్నారు. ఇంకోచోట మీరేమిట్లని అడిగి, క్రైస్తవులమని చెప్పగానే గది నిన్ననే ఇచ్చేశామన్నారు. కాళ్లీడ్చుకుంటూ సందు చివరి ఇంటికి వచ్చి తలుపు గొలుసు ఆడించాను. తెల్లటి గడ్డంతో, సిరా మరకల వేళ్లతో ఒక బక్కపలచటి పెద్దాయన తలుపు తీశారు. కచ్చేరీలో మున్షీగా పనిచేసి దిగిపోయిన గఫూర్ సాబ్.

"పేరేంది బేటా?" అన్నారు.

"దావీదండీ."

"దావీదండీ!" అని నా యాసను అచ్చంగా దించి నవ్వారు. "మా దాంట్ల దావూద్ అంటరు. గంత పెద్ద ప్రవక్త పేరు పెట్టుకొని, గది దొరకలేదని పరేషాన్ అయితవా? పో, సామాను తెచ్చుకో దావూద్."

ఆయన అడిగిన వివరం అదొక్కటే. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేను దావూద్‌నే. ఆయన భార్యను బీబీ అమ్మ అనేవాణ్ని గాని, ఆమె ముఖం ఒక్కసారీ చూడలేదు. పరదా వెనక నుంచి పళ్లెం మీద చెంచాతో రెండుసార్లు కొట్టేది. దిగి చూస్తే మెట్ల మొదట్లో గుడ్డ కప్పిన పళ్లెం ఉండేది. పరాయి ఊళ్లో ఆకలి తెలియకుండా బతికానంటే ఆ చెంచా చప్పుడు పుణ్యమే.

దఫ్తరులో ఫైళ్లన్నీ ఉర్దూలో ఉండేవి. నాకు మొదటి అక్షరం అలిఫ్‌కూ నిలువుగీతకూ తేడా తెలియదు. రెండు నెలల్లో నేర్చుకోకపోతే ఇంటికి పంపిస్తామని పెద్ద గుమాస్తా చెప్పేశాడు. ఆ మాట విన్న సాయంత్రమే గఫూర్ సాబ్ వాకిట్లో నవారు మంచం వాల్చి, పలకా బలపం తెచ్చి నన్ను కూర్చోబెట్టారు. కుడి నుంచి ఎడమకు రాయడానికి నా చెయ్యి మొరాయించేది. "నువ్వు అక్షరం రాస్తలేవు దావూద్, చీమను తొక్కుతున్నవ్" అనేవారు. ఆయన దగ్గరికి అర్జీలు రాయించుకోవడానికి జనం వచ్చేవాళ్లు. ఎంత తొందరలో ఉన్నవాళ్లనైనా ముందు పేరు అడిగి, రెండుసార్లు పలికించుకుని, అప్పుడు కలం ముంచేవారు. "పేరు సాఫ్‌గ రాయాలె. పేరు తప్పయితే వాని కష్టం సుత వేరేటోనిదయితది" అనేవారు. పేర్ల విషయంలో అంత పట్టింపున్న మనిషి నా పేరును మాత్రం కావాలని మార్చి పిలిచేవారు. అది ఎంత గారాబమో అప్పుడు నాకు తెలియలేదు. రెండు నెలలు తిరిగేసరికి నేను ఫైలు చదివాను, ఉద్యోగం నిలబడింది.

తర్వాత ఊళ్లో గాలి మారింది. నిజాం పక్షాన లాఠీలు పట్టుకున్నవాళ్లు గుంపులుగా తిరగడం మొదలుపెట్టారు. ఆంధ్ర నుంచి వచ్చిన కుర్రాళ్లంటే కాంగ్రెసు మనుషులేమోనని అనుమానం. మా సందులో సగం పై గదులు ఖాళీ అయ్యాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు గొలుసు గట్టిగా మోగింది. పైనుంచి తొంగి చూస్తే నలుగురు. "పైన ఆంధ్రోడు ఉన్నడంట గద, కిందికి పంపు" అన్నాడు ఒకడు. గఫూర్ సాబ్ గడపకు అడ్డంగా నిలబడ్డారు.

"ఆంధ్రోడు ఎవడూ లేడు. మా దావూద్ ఉన్నడు. మా ఇంటి మనిషి."

"కసమ్?"

"కసమ్."

వాళ్లు వెళ్లిపోయారు. నేను కిందికొచ్చి, నా కోసం అబద్ధపు ఒట్టు పెట్టుకున్నారే సాబ్ అన్నాను, ఏడుపు ఆపుకోలేక. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "అబద్ధమేంది? దావూద్‌వి కాదా? మా ఇంటి మనిషివి కాదా? అబద్ధం గిట్ల ఉంటదా?" అని కసిరి, పళ్లెం తెమ్మని లోపలికి కేకేశారు.

పోలీసు చర్య జరిగింది. నాలుగైదు రోజుల్లో నిజాం ఫౌజు లొంగిపోయింది. మా సందులో కొన్ని ఇళ్లలో మిఠాయి పంచారు, కొన్ని ఇళ్ల తలుపులు తెరుచుకోలేదు. నేనూ మిఠాయి తిన్నాను, సంతోషించాను. అందులో తప్పేమీ లేదు. తప్పు ఆ తర్వాతి వారం జరిగింది. రైలుకు బయల్దేరుతూ మెట్లు దిగుతున్నాను. గొలుసు మోగింది. ఈసారి తుపాకులతో తనిఖీకి వచ్చిన కొత్త సర్కారువాళ్లు. ఇల్లంతా వెతికారు. సిరాబుడ్లు, పాత కాగితాలు తప్ప ఏమీ దొరకలేదు. వాళ్లలో తెలుగు వచ్చినాయన ఒకడు గఫూర్ సాబ్‌ను నిలదీశాడు. "లాఠీలవాళ్లు నీ ఇంటికి వచ్చిపోయారని సందులో చెబుతున్నారు. ఎందుకొచ్చారు?"

గఫూర్ సాబ్ నా వైపు చూశారు. ఆయన ముఖంలో భయం లేదు. సాక్షి పక్కనే ఉన్నాడన్న నిబ్బరం ఉంది. "దావూద్, జెర చెప్పు బేటా" అన్నారు.

తుపాకీ పట్టుకున్నాయన చటుక్కున నా వైపు తిరిగి, "ఎవడ్రా దావూద్?" అన్నాడు.

లాఠీలవాళ్లు వచ్చింది నన్ను పట్టుకుపోవడానికేననీ, ఈ ముసలాయన అడ్డం నిలబడి నన్ను కాపాడాడనీ చెప్పాలి. రెండు వాక్యాలు. నేను చొక్కా గుండీ తప్పించి మెడలోని సిలువ బయటికి తీసి చూపించాను. "నా పేరు దావీదండీ. మాది గుంటూరు. వీళ్ల సంగతులు నాకు తెలియవండీ. నేను ఉత్త కిరాయిదారుని" అన్నాను. అడగని ప్రశ్నలకు కూడా గడగడా జవాబులు చెప్పిన నోరు, అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు పెగల్లేదు. వాళ్లు గఫూర్ సాబ్‌ను తమతో రమ్మన్నారు. ఆయన చెప్పులు తొడుక్కుని వాళ్ల వెంట నడిచారు. నేను రైలు అందుకున్నాను. ఆ రోజు దఫ్తరుకు ఆలస్యం కూడా కాలేదు.

మర్నాడు పొద్దున చెంచా చప్పుడు రెండుసార్లు వినిపించింది. మెట్ల మొదట్లో గుడ్డ కప్పిన పళ్లెం. ముద్ద దిగదనుకున్నాను. దిగింది. మొత్తం తిన్నాను. రాయడానికి అన్నిటికంటే కష్టమైన మాట ఇదే. వారం తర్వాత పరదా వెనక నుంచి బీబీ అమ్మ మాట వినిపించింది. "బేటా, నీకు ఇంగ్లీషు వస్తది గద. సాబ్‌ను ఇడిసిపెట్టమని ఒక అర్జీ రాస్తవా?" రాశాను. ఆయన నేర్పిన పద్ధతిలోనే, పేరు సాఫ్‌గా, తప్పు లేకుండా రాశాను. కింద ఇరుగుపొరుగు ఎవరైనా పూచీ సంతకం పెట్టాల్సిన చోటు ఉంది. ఎవరిచేతనైనా పెట్టించుకోమని చెప్పి ఖాళీగా ఇచ్చేశాను. ఆమె కాగితం అందుకుని, "అచ్ఛా బేటా" అంది.

రెండు నెలలకు ఆయన్ని వదిలేశారు. ఒక పొద్దున మెట్లు దిగేసరికి నవారు మంచం మీద కూర్చుని ఉన్నారు. మనిషి సగమయ్యారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తిట్టినా బాగుండేది. ఆయన లేచి నిలబడ్డారు.

"మంచిగున్నరా, దావీదు గారూ?"

దీర్ఘం ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఒక్క అక్షరం తప్పు లేదు. ఆయన అర్జీలు రాసేటప్పుడు ముక్కూముఖం తెలియని వాళ్ల పేర్లు అంత జాగ్రత్తగా పలికేవారు. నేను రైలు వేళయిందని బయటపడ్డాను. ఆ నెలలోనే మౌలాలిలో గది చూసుకున్నాను. దఫ్తరుకు దగ్గరవుతుందని చెప్పాను. "మౌలాలి ఇంకా దూరం గద" అన్నారాయన, అమాయకంగానే. "దూరమే సాబ్" అన్నాను. అదే మా ఆఖరి మాట.

కొత్త సర్కారుకు పాత ఉర్దూ ఫైళ్లు చదివి చెప్పేవాళ్లు కావలసి వచ్చారు. ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ మూడూ వచ్చిన గుమాస్తా అని నన్ను నెత్తిన పెట్టుకున్నారు. మెట్టు మెట్టుగా పైకి వెళ్లాను, ఈ ఇల్లు కట్టాను. ఎవరైనా నా ఉర్దూ దస్తూరీ మెచ్చుకుని ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, దఫ్తరులోనే అబ్బిందండీ అనేవాణ్ని. అంటే ఆయన్ని ఒక్కసారి కాదు, ఉద్యోగమున్నన్నాళ్లూ కాదన్నాను. పదేళ్లకు ధైర్యం చేసి ఆ సందుకు వెళితే ఇంట్లో వేరేవాళ్లు ఉన్నారు. గఫూర్ సాబ్ వాళ్లు ఎటు వెళ్లారో వాళ్లకు తెలియదన్నారు.

మా పై భాగంలో ఇప్పుడొక కుర్రాడు ఉంటున్నాడు. పొద్దున్నే బస్సు కోసం పరుగెత్తే ఉద్యోగస్థుడు. మొన్న ఓటర్ల జాబితా రాసుకునే ఆయన వచ్చి గేటు గొలుసు ఆడించి, పైన ఉన్నాయన మీకేమవుతారు, కిరాయిదారా అని అడిగాడు. ఆ మాట నా నోట రాదు. "మా ఇంటి మనిషి" అన్నాను. ఆయన నవ్వి, కిరాయిదారు అనే రాసుకుపోయాడు. నేను పెద్ద పనేదో చేశానని కాదు. నా ఎదురుగా తుపాకీ లేదు, ఆ మాటకు నాకు పోయేదేమీ లేదు.

బజారులో ఎవరో ఎవరినో "దావూద్!" అని కేకేస్తారు. ఇప్పటికీ చటుక్కున ఆగి వెనక్కి తిరుగుతాను. పిలిచింది నన్ను కాదు.