అక్క అడిగిన పుల్ల టమాట

టమాట మొక్కలు పెంచడం నాకు సరదా కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మట్టెవాడలో మా గల్లీవాళ్ళంతా నన్ను పెద్ద తోటమాలి అనుకుంటున్నారు. డోర్నకల్‌లో రైల్వే నౌకరీ చేసి రిటైరై వచ్చినవాణ్ణి, కాళ్ళు చాపుకొని పేపరు చదువుకుందామనుకున్నాను. ఈ మోకాళ్ళ నొప్పితో రోజూ మిద్దెమీదికి నీళ్ళు మోస్తున్నానంటే, అది మా అక్క నోట్లోకి నాలుగు ముద్దలు పోవడానికే.

నన్ను పెంచింది అక్కే. బావ పోయాక నా దగ్గరే ఉంటున్నది. మూడేళ్ళ కిందట పెద్ద జ్వరం వచ్చి దవాఖానలో పడింది. జ్వరం తగ్గింది కానీ బీపీ, కాళ్ళవాపు మిగిలాయి. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, పచ్చళ్ళు బంద్ అన్నాడు. తొక్కు లేనిదే ముద్ద దిగని మనిషి. వారం తిరక్కుండానే పళ్ళెం పక్కకు నెట్టడం మొదలుపెట్టింది. జాకెట్లు వదులై భుజాలమీంచి జారిపోతుంటే చూడలేకపోయాను.

“జర పుల్లగ ఉంటే ఉప్పు లేకున్నా తింట తమ్మీ. ఎన్కటి టమాటలు ఏడబోయినయో! ఇప్పటియన్నీ సప్పగ నీళ్ళ లెక్క ఉంటానయ్” అన్నది.

ఆ మాట పట్టుకొని విత్తనాల దుకాణానికి పోయాను. “గిది పెట్టుండ్రి సార్, పండు వారమైనా మెత్తబడది” అని దుకాణదారు ఒక హైబ్రిడ్ పాకెట్ ఇచ్చాడు. పుల్లగా ఉంటుందా అంటే నన్ను వింతగా చూసి, కాపు మంచిగుంటదన్నాడు. నిజంగానే విరగకాసింది. కాయ గోడకేసి కొట్టినా పగిలేలా లేదు. అక్క తిని “సప్పగున్నది” అన్నది.

తర్వాత గుండ్రటి రకం పెట్టాను. సగం కోతులు తిన్నాయి, సగం అక్క వద్దన్నది. పక్కింటాయన ఫోనులో వీడియో చూపించి చెర్రీ టమాట పెట్టించాడు. “గివేంది, రేగువండ్లా?” అని అక్క వేళ్ళతో దొర్లించి వదిలేసింది.

నాకు ఒళ్ళు మండింది. “నీకు ఏది పెట్టినా గంతే!” అని అరిచాను.

“నీ టమాటలు గట్లున్నయ్, నన్నంటవేంది?” అన్నది. ఆ పూట ఇద్దరం తినలేదు.

ఇక చేతకాదని కుండీలు బోర్లించాను కూడా. అప్పుడే, ములుగు దిక్కు ఊరినుంచి కూరగాయలు తెచ్చి అమ్మే ఒకావిడ గంపలో గీతలు గీతలుగా ఉన్న చిన్నచిన్న నాటు టమాటలు కనిపించాయి. పల్చటి తోలు, ఎత్తితే పగిలిపోయేలా ఉన్నాయి. విత్తనం దొరుకుతుందా అని అడిగాను.

“ఇత్తనం కొనుడేంది సారూ? పండు పిసికి, బూడిదల కలిపి ఎండబెట్టు. నోట్లేస్తే కండ్లు మూసుకపోతయ్” అన్నది.

ఆమె చెప్పినట్టే చేశాను. మళ్ళీ కుండీలు నింపాను, మళ్ళీ నీళ్ళు మోశాను, కోతులకు అందకుండా అక్క పాత చీరలు చుట్టూ కట్టాను. మొదటి పండ్లు కోసి, ఉప్పు లేకుండా పప్పు వండాను. అక్కే ముందు తినాలని రుచి కూడా చూడలేదు.

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది.

“గిది గూడ సప్పగనే ఉన్నది తమ్మీ.”

ప్రాణం ఉసూరుమంది. అరిచే ఓపిక కూడా లేదు. గిన్నెలోంచి ఇంత పప్పు చేతిలో వేసుకుని నాకాను. ఓయమ్మా! పళ్ళు జివ్వుమన్నాయి, కళ్ళు మూసుకుపోయాయి.

అప్పుడు అర్థమైంది. తప్పు ఏ టమాటదీ కాదు. ఆ జ్వరంతోనే అక్క నాలుకకు రుచి పోయింది. ఆ సంగతి ఆమెకు తెలియదు, నాకూ తెలియలేదు. మూడేళ్ళు విత్తనాలు మార్చుకుంటూ కూర్చున్నాను. ఇంక ఏ రకం తేవాలి?

“ఏందిరా గట్ల నిలబడ్డవ్? నేనన్నది అబద్ధమా?” అని అడిగింది.

మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె మాట ఒప్పుకోలేదు నేను.

“నువ్వన్నదే నిజమక్కా. సప్పగనే ఉన్నది.”

“నేను చెప్పలే!” అన్నది. మొహం వెలిగిపోయింది. గెలిచిన ఊపులో పళ్ళెం దగ్గరికి లాక్కుని ఇంకో మూడు ముద్దలు తిన్నది. తింటూ తలెత్తి నన్ను చూసింది.

“కండ్లల్ల నీళ్ళేందిరా?”

పులుపుకని చెప్పడానికి కూడా లేదు.