గీత పడిన హబ్బు

సైకిళ్ల మామ పోయాడని పోయిన గురువారం మా తమ్ముడు ఇల్లందు బస్టాండులోని కాయిన్ ఫోన్ నుంచి చెప్పాడు. ఎండాకాలం నుంచీ దగ్గుతో మంచం పట్టి ఉన్నాడు. వినాల్సి వస్తుందని తెలిసిన కబురే. అయినా ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో రిసీవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆయన మాకు చుట్టం కాదు. ఇల్లందులో మేం పెరిగిన పేటలో సైకిళ్లు బాగుచేసేవాడు, పిల్లలందరికీ మామ. మా నాన్న రిటైరైన బడిపంతులు. ఆదివారం చర్చికి, సంతనాడు కూరగాయలకు తప్ప సైకిలు తీసేవాడు కాదు. ముందు చక్రం నడుమ పుల్లలన్నీ వచ్చి చేరే హబ్బు అరిగిపోతే మామ దగ్గరికి తీసుకెళ్లాడు. నేనూ పక్కనే ఉన్నాను.

"అప్పుడప్పుడు తొక్కేటోణ్ని, ఖరీదుది నాకెందుకయ్యా? చవకది ఏదన్న ఉంటే వెయ్యి."

మామ బరువైన ఉక్కు హబ్బును పక్కన పెట్టి, తళతళలాడే తేలికపాటిది తీసి వెలుతురులో తిప్పి చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత దానికే పుల్లలు ఎక్కించాడు.

నెల తిరగకముందే, చర్చి నుంచి వస్తుంటే వాగు దిగుడులో ఆ హబ్బు అంచు విరిగింది. చక్రం మడతపడి నాన్న కల్వర్టు మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

దవాఖానాలో మేమంతా రోడ్డును తిట్టుకుంటుంటే మామ వచ్చాడు. విరిగిన ముక్కను గుడ్డలో చుట్టి తెచ్చాడు.

"సార్, దీని అంచున సన్న గీత ఉండె. నేను చూసిన. అయినా వేసిన."

"చూసి కూడా ఎందుకేసినవ్ అన్నా?" అంది అమ్మ.

"తక్కువ తొక్కుతడు గదా, ఏం గాదులే అనుకున్న చెల్లె."

ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున మామ సైకిలుతో మా గేటు ముందు నిలబడేవాడు. నెలల తరబడి నాన్న బయటికి రాలేదు. ఒకరోజు కర్ర పట్టుకుని వచ్చి, వెనక క్యారియర్ మీద కూర్చున్నాడు. మామ సైకిలెక్కలేదు. హ్యాండిల్ పట్టుకుని చర్చి దాకా నడిచాడు. ప్రార్థన అయ్యేదాకా మెట్ల దగ్గర కూర్చున్నాడు. నాన్న పోయేదాకా, నాలుగేళ్లు, అలాగే నడిచాడు. దారిలో వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు.

దుకాణంలో మాత్రం ప్రతి హబ్బు అంచునూ గోటితో తడిమి చూసేవాడు. ఎవరైనా చవకది అడిగితే, వాడిన ఉక్కుదే శుభ్రం చేసి, గ్రీజు పెట్టి ఇచ్చేవాడు. "తక్కువ తొక్కేటోడైనా పడితె ఇరిగే ఎముకలు గవే గదా," అనేవాడు.

పోయిన నెల చూడటానికి వెళ్తే నా చేయి పట్టుకున్నాడు.

"బిడ్డా, మీ నాయిన ఎన్నడన్న అన్నడా, నన్ను మాఫ్ చేసిన్నని?"

అబద్ధం చెప్పలేకపోయాను. "అనలేదు మామా."

"అవ్," అని కళ్లు మూసుకున్నాడు.

మట్టి చేసి తిరిగి వస్తుంటే, బస్సులో గుర్తొచ్చింది, ఆయనకు చెప్పాల్సిన సంగతి. ఒక ఆదివారం జోరువాన. నేను వాళ్ల వెనకే నడుస్తున్నాను. మామ తలదించుకుని సైకిలు నడిపిస్తున్నాడు. తన మీద వాన పడటం లేదని ఆయనకు తెలిసే ఉంటుంది. వెనక్కి మాత్రం తిరిగి చూడలేదు. క్యారియర్ మీద నాన్న, తెల్లచొక్కా వీపుకు అతుక్కుపోయి నిలువునా తడుస్తూ, చేయి సాగినంత ముందుకు చాచి మామ తల మీద గొడుగు పట్టుకుని ఉన్నాడు.