నూట ఆరో పంపు

పెద్ద ప్రింటరు లోంచి షట్‌డౌన్ షెడ్యూలు మెల్లగా బయటికి వస్తున్నప్పుడు వేడెక్కిన కాగితం వాసన ఒకటి వస్తుంది. ఈ ఉదయం సౌదీలోని యాన్బులో, మా ప్లాంటు పక్కనున్న పోర్టా క్యాబిన్‌లో, ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు శేషాచారి సార్ గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. పక్క సీట్లోని కేరళ ఇంజినీరు "ఏమైంది మస్తాన్ భాయ్?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆయన గురించి చెప్పడం మొదలుపెడితే ఆ పూట ఇద్దరికీ పని సాగదు.

ఏడాదికోసారి ప్లాంటు ఆపేసి, పంపులూ వాల్వులూ విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించడమే షట్‌డౌన్. ఏ పని ఎవరు చేయాలి, ఎప్పుడు చేయాలి అని రాసే ప్లానింగ్ విభాగానికి శేషాచారి సార్ పెద్ద. నెల్లూరు మనిషి. నుదుట శ్రీచూర్ణం గీత ఎంత సన్నగా పెట్టేవాడంటే హెల్మెట్ అంచు కింద అది ఎవరికీ కనిపించేది కాదు. నేను ఆళ్లగడ్డ నుంచి కొత్తగా వచ్చి ఆయన కింద గుమాస్తాగా చేరాను. చేరిన వారంలోనే ఒక వాల్వు పని పూర్తయిందని టిక్ పెట్టాను. సార్ కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ఏందబ్బయ్యా, నువ్వు చూశావా?"

"ఫిట్టరు చెప్పినాడు సార్, అయిపోయిందని."

"అయితే అయిపోయిందని ఫిట్టరు చెప్పాడు అని రాయి. అయిపోయింది అని రాయబాక. లే, పోదాం పద."

నడిమధ్యాహ్నం ఎండలో, పట్టుకుంటే చేతులు కాలే ఇనుప నిచ్చెన మీద నన్ను నాలుగంతస్తులు ఎక్కించాడు. పైన ఎనిమిది బోల్టుల్లో ఐదే ఉన్నాయి. మిగతా మూడూ పక్కనే రేకు గిన్నెలో హాయిగా పడుకుని ఉన్నాయి. సార్ జేబులోంచి రబ్బరు తీసి నా చేతిలో పెట్టాడంతే. ఆ రాత్రి అరచేతులకు పెరుగు రాసుకుంటూ, ఈ ముసలాయన కింద ఆరు నెలలు కూడా నిలవలేననుకున్నాను. పదకొండేళ్ళు చేశాను.

సార్‌కు ఆఫీసు షెడ్యూలు కాక సొంతానిది ఇంకొకటి ఉండేది. వెనకటికి తమిళదేశంలో ఆళ్వారులనే భక్తులు తిరిగి, పాశురాలు పాడిన విష్ణుక్షేత్రాలు నూట ఎనిమిది ఉన్నాయట. దివ్యదేశాలంటారు. వాటిలో పాలకడలి, పరమపదం ఈ లోకంలో లేవు. "ఆ రెండింటికీ ఎగ్జిట్ రీ-ఎంట్రీ ఇవ్వరు మస్తాన్, ఫైనల్ ఎగ్జిటే" అనేవాడు సార్, వెళ్ళి తిరిగొచ్చే వీసా ఉండదని గల్ఫ్ భాషలో. మిగిలిన నూట ఆరూ ఈ జన్మలో కాళ్ళతో నడిచి చూడాలని ఆయన పంతం. ఏటా నెలరోజుల సెలవు వస్తే, షట్‌డౌన్ ప్లాన్ చేసినట్టే గంటల లెక్కన ప్లాన్ చేసేవాడు. భార్య అలమేలమ్మగారు మా ముందే దెప్పేది: "పెళ్ళయిన కొత్తలో ఊటీ తీసుకెళ్తానన్నారు నాయనా. తీరా అడిగితే, ఊటీ మీద ఏ ఆళ్వారూ పాడలేదే అన్నారు!"

ఆ జాబితాను ఆఫీసు కంప్యూటర్లోనే, మా పంపుల జాబితా నమూనాలోనే రాసుకున్నాడు. ఎవరికీ సంజాయిషీ చెప్పే పని ఉండదని పైన 'పంపులు' అనే శీర్షిక కూడా అలాగే ఉంచేశాడు. మూసి ఉండే వేళలు, మెట్ల సంఖ్య, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఆయన ఫోన్ నంబరు, గుమ్మం ఫొటో. నేను చేరిన పదకొండో ఏటికి నూట ఆరుకు నూట ఆరూ టిక్కులు పడ్డాయి. మూడు నెలల్లో సార్‌కు అరవై నిండుతాయి, కొలువు అయిపోతుంది. మోకాళ్ళు అప్పటికే అరిగాయి, ఇండియా వెళ్ళగానే ఆపరేషన్ అన్నారు. అందుకని అంతా పూర్తయిన సంతోషంలో శుక్రవారం తన ఫ్లాట్‌లో మా అందరికీ భోజనాలు పెడతానన్నాడు.

సరిగ్గా ఆ వారమే నేను ఘనకార్యం చేశాను. మేనేజరుకు పంపాల్సిన పంపుల జాబితాకు బదులు సార్ 'పంపుల' జాబితా పంపాను.

మా మేనేజరు అబూ నాసర్ యాన్బు మనిషే. మెత్తగా మాట్లాడతాడు, కళ్ళు మాత్రం డేగ కళ్ళు. గురువారం మీటింగులో ఫైలు తెర మీద వేశాడు. నా గుండె జారి బూట్లలో పడింది.

"యా ముహందిస్," అన్నాడు సార్‌ను చూసి. ఇంజినీరు గారూ అని. "ఈ పంపులన్నీ పన్నెండు నుంచి నాలుగు దాకా ఎందుకు ఆగిపోతున్నాయి?"

"చాలా పాతవి సార్," అన్నాడు శేషాచారి సార్. "విశ్రాంతి కావాలి."

"పదిహేడో పంపు దగ్గర బూట్లు బయట విడవాలని రాశావు."

"శుభ్రంగా ఉంచాల్సిన చోటు సార్."

"యాభై రెండో పంపు దగ్గర కాఫీ బాగుంటుందని ఉంది."

అబూ నాసర్ పెన్సిలుతో తెర మీద రెండు ఫొటోలు చూపించాడు. "సరే. ముప్పై ఆరూ నలభై ఒకటీ చూడు. ఒకే ఆపరేటరు, ఒకే ఫోన్ నంబరు. అది ఉండొచ్చు. కానీ ఒకే తలుపు, ఆ తలుపు ముందు ఒకే మేక. చెవి చిరిగిన మేక. ఇవి రెండు పంపులు కావు. ఒకే పంపును రెండుసార్లు లెక్కపెట్టావు."

పంపు ముందు మేకేమిటని ఫిలిప్పీన్స్ ఇంజినీరు ఒకడు నవ్వాడు. సార్ నవ్వలేదు. ఆయన ముఖంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను. పాపం, ఆ పెద్దమనిషిని ఆ స్థితిలో పెట్టింది నేనే.

మీటింగు కాగానే అబూ నాసర్ మా ఇద్దరినీ తన గదికి పిలిచాడు. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, ఈ రోజుతో సరి అనుకున్నాను. సార్ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడనీ ఆశపడ్డాను. ఆయన దాచలేదు. "అవి పంపులు కావు సార్. మా ప్రార్థనా స్థలాలు. ముప్పై ఏళ్ళుగా సెలవులన్నీ పెట్టి తిరిగాను. తిరునాంగూరు అని ఒక చోట పదకొండు గుళ్ళు పొలాల మధ్య దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక్కో పూజారికి రెండు మూడు గుళ్ళు. ఫోన్ చేస్తే మోపెడ్ మీద తాళాలు తెచ్చి తీస్తాడు. ఆ రోజు వాన. పన్నెండు కొడితే మూసేస్తారని పరుగు. డ్రైవరు ఇంకో దారిన తిప్పి చూసిన గుడికే మళ్ళీ తెచ్చాడు. నేను గుడిని చూడలేదు, నా ప్లాన్ కాగితం చూసి టిక్ పెట్టాను."

అబూ నాసర్ గహ్వా అనే అరబ్బీ కాఫీ వంచి ముందు సార్‌కూ, తర్వాత నాకూ ఇచ్చాడు. "ఇరవై ఏళ్ళలో నా పనిలో నువ్వు ఒక్క తప్పు టిక్ పెట్టలేదు. నీ సొంత పనిలో పెట్టావా? షట్‌డౌన్ కాగానే ఐదు రోజులు సెలవు తీసుకో. వెళ్ళి పూర్తి చేసి రా." నా వైపు తిరిగి, "నువ్వు మెయిల్ పంపేముందు ఫైలు తెరిచి చూడు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం భోజనాలు ఆగలేదు. ఆకుల్లో పులిహోర వడ్డించాక సార్ నిలబడి, "చూసింది నూట ఐదే. తప్పు నాదే" అని అందరి ముందూ చెప్పాడు. వంటగదిలోంచి అలమేలమ్మగారు, "ఆ రోజే చెప్పాను, ఈ మేకను ఇందాకే చూశామండీ అని. ఈ ఊళ్ళో మేకలన్నీ ఇలాగే ఉంటాయన్నారు!" అంది. మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. అందరికన్నా ఎక్కువ నవ్వింది సారే.

షట్‌డౌన్ అయ్యాక తిరునాంగూరు నుంచి వీడియో కాల్ చేశాడు. పచ్చటి పొలం, మోపెడ్ పక్కన తాళాల గుత్తితో పూజారి, తెరిచిన తలుపు. ఈసారి మేక లేదు. సార్ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

"చూశావా అబ్బయ్యా? పెట్టు టిక్." పెట్టాను. అప్పుడు సార్ దిక్కుతోచనట్టు అడిగాడు: "ఇంక నేనేం చేయాల మస్తాన్?"

ఎంతటి మనిషి! జాబితా లేకుండా ఇంట్లో కూర్చుంటే ఆరు నెలల్లో వాడిపోతాడు. మా నాయన అహోబిలం యాత్రికులకు జీపు తోలేవాడు, ఆ కొండలన్నీ నేను చిన్నప్పుడే తిరిగాను. అహోబిలం కూడా సార్ జాబితాలో ఉంది.

"సార్, అహోబిలంలో నరసింహస్వాములు తొమ్మిది మంది. మీరు ఎంతమందిని చూసినారు?"

"…ఇద్దర్ని."

"తొమ్మిదిలో ఇద్దర్ని చూసి ఎట్ల టిక్ పెట్టినారు సార్?"

వెనకనుంచి అలమేలమ్మగారి నవ్వు వినబడింది: "దొరికారు!" సార్ గొంతులోకి పాత కరుకు వచ్చేసింది. "కొత్త షీటు తెరువు. తొమ్మిది వరసలు. మెట్లెన్నో రాయి" అన్నాడు.

ఆయన నెల్లూరు వెళ్ళిపోయాక, మోకాళ్ళకు ఆపరేషన్ అయ్యాక, రెండేళ్ళు వరసగా నా సెలవుల్లో భార్యాభర్తలిద్దరూ ఆళ్లగడ్డ వచ్చారు. మా అమ్మ ఆయన కోసం కొత్త గిన్నెలు కొని పళ్ళూ పాలూ పెట్టేది. నలుగురు స్వాములను చూశాం, మొత్తం ఆరుగురయ్యారు. మాలోల, జ్వాల, పావన గుళ్ళు మిగిలాయి. మూడూ కష్టమైన ఎక్కుళ్ళు. జ్వాల నరసింహుడి దారి మొదట్లోనే సార్ ఒక బండ మీద కూలబడ్డాడు.

"నా వల్ల కాదు. నువ్వు పోయి చూసిరా."

"నేను చూస్తే మీకు టిక్ పడదు సార్."

"తెలుసులే. ఖాళీగానే పెట్టు" అన్నాడు. మరుసటి ఏడు ఆయన పోయాడు.

నెల తర్వాత అలమేలమ్మగారు ఫోన్ చేసింది. "ఆ మూడూ నువ్వు చూసినవే కదా నాయనా. ఆయన పేరున టిక్ పెట్టేయ్, పూర్తయినట్టుంటుంది." ఆమె ఏది అడిగినా కాదనని వాణ్ణి. మౌస్ మీద చెయ్యి పెట్టి కూడా పెట్టలేకపోయాను. "ఆయన చూడలేదమ్మా" అన్నాను. ఆమె కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీదుకుని, "పూర్తిగా చెడగొట్టి పోయారయ్యా నిన్ను" అంది. ఆ మాట నాకు సర్టిఫికెట్ ఇచ్చినంత గర్వంగా ఉంది.

"సరే, నాకొక షీటు తెరువు. నా మోకాళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయి" అందామె.

పైన అమ్మగారి పేరు రాశాను. నాలుగు గడుల్లో టిక్కులు పెట్టాను, అవి ఆమె చూస్తుండగా నేను పక్కనే ఉన్నాను. అంతకుముందు చూసిన రెండింటి దగ్గర 'చూశానని అమ్మగారు చెప్పింది' అని రాశాను. మిగిలిన మూడూ ఖాళీగా ఉంచి, సెలవుకు దరఖాస్తు పెట్టాను.